ఒక చెవికి ఇంప్లాంట్, ఇంకో చెవికి హియరింగ్ ఎయిడ్: శబ్దం ఎటు నుంచి వస్తోందో పట్టుకోవడం ఎలా

"టీచర్!" అని ఎవరో పిలిచారు. నేను కుడివైపు కిటికీ పక్కన బెంచీల వైపు తిరిగాను. అక్కడ అందరూ తలలు వంచుకుని లెక్క చేసుకుంటున్నారు. పిలిచిన అమ్మాయి ఎడమవైపు గోడ దగ్గర చెయ్యెత్తి నిలబడి ఉంది, అప్పటికి మూడోసారి పిలిచిందట. తొమ్మిదో తరగతి, లెక్కల పీరియడ్, నా ఇంప్లాంట్ స్విచ్ ఆన్ చేసిన ఐదో నెల. మాటలు అప్పటికే బాగా అర్థమవుతున్నాయి, ఫోన్లో మా ఆయనతో మాట్లాడగలుగుతున్నాను, కానీ ఏ శబ్దం విన్నా అది కుడివైపు నుంచే వచ్చినట్టుండేది. ఇంప్లాంట్ ఉన్నది నా కుడి చెవికి. ఎడమ చెవికి పన్నెండేళ్లుగా హియరింగ్ ఎయిడ్ వాడుతున్నాను.

ఇలా ఒకవైపు కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే, వినికిడి నరానికి నేరుగా విద్యుత్ సంకేతాలు పంపే పరికరం), ఇంకోవైపు హియరింగ్ ఎయిడ్ పెట్టుకోవడాన్ని బైమోడల్ అంటారు. మన దగ్గర ఒక చెవికి ఇంప్లాంట్ పెట్టించుకోవడమే తలకు మించిన ఖర్చు, అందుకే రెండో చెవిని హియరింగ్ ఎయిడ్‌తో నెట్టుకొచ్చేవాళ్లు చాలామంది. ఆస్పత్రిలో మాట ఎంత అర్థమవుతోందో చూస్తారు, ఆ పరీక్షలో మంచి మార్కులొస్తే అందరూ సంతోషిస్తారు. శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలుస్తోందా అని నన్ను మొదటి ఏడాదిలో ఎవరూ అడగలేదు. కానీ రోడ్డు దాటేటప్పుడు, క్లాసులో, నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోట మనకు తెలియాల్సింది అదే. రెండేళ్లలో నేను ఏం చేశానో, ఎందుకు చేశానో వరసగా రాస్తున్నాను. నేను ఆడియాలజిస్ట్‌ను కాదు, మిషన్లలో మార్పులు మీ ఆడియాలజిస్టే, అంటే వినికిడి పరీక్షించి మిషన్లు సెట్ చేసే నిపుణులే చెయ్యాలి. కానీ ఏం అడగాలో మనకు తెలియకపోతే చాలాసార్లు ఆ మార్పు జరగదు, అందుకే ఇది రాయడం.

ముందు, దిక్కు ఎలా తెలుస్తుందో అర్థం చేసుకోండి

ఈ భాగం దాటేసి నేరుగా అభ్యాసాలకు వెళ్లిపోకండి. ఇది అర్థమైతేనే ఆడియాలజిస్ట్ దగ్గర అడగాల్సినవి అర్థమవుతాయి.

శబ్దం కుడి నుంచా ఎడమ నుంచా అన్నది ఏ ఒక్క చెవీ చెప్పలేదు. రెండు చెవులకూ అందినదాన్ని మెదడు పక్కపక్కన పెట్టి పోల్చుకుంటుంది. పోల్చడానికి దానికి రెండు ఆధారాలున్నాయి. ఒకటి సమయం. ఎడమ నుంచి వచ్చే శబ్దం ఎడమ చెవికి ముందు చేరుతుంది, తల చుట్టూ తిరిగి కుడి చెవికి చేరేసరికి కాస్త ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం పెద్దవాళ్ల తలకు మహా అయితే 0.7 మిల్లీసెకను. అంత చిన్న తేడాను కూడా మంచి చెవులు పట్టుకుంటాయి, ముఖ్యంగా 1500 హెర్ట్జ్ (శబ్దం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే కొలత) కంటే తక్కువ ఉండే బొంగురు శబ్దాల్లో. రెండోది గట్టితనం. కీచుగా ఉండే శబ్దాలకు తల అడ్డుపడుతుంది, దూరంగా ఉన్న చెవి తల నీడలో పడిపోతుంది, అక్కడ శబ్దం 20 డెసిబెల్స్ దాకా తగ్గొచ్చు. బొంగురు శబ్దాలు మాత్రం తల చుట్టూ వంగి సులువుగా అవతలికి వెళ్లిపోతాయి, కాబట్టి వాటిలో గట్టితనం తేడా దాదాపు ఉండదు. ఈ రెండు ఆధారాల లెక్క బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లోనే చెప్పాడు. ఆరోగ్యంగా ఉన్న చెవులు ఎదురుగా ఉన్న శబ్దం ఒకటి రెండు డిగ్రీలు పక్కకు జరిగినా గుర్తుపడతాయి.

ఇప్పుడు మన సంగతి చూడండి. ఇంప్లాంట్‌లో కంపెనీని బట్టి 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు (నరానికి విద్యుత్ అందించే చిన్న బిందువులు) ఉంటాయి. అవి శబ్దం పెరగడం తగ్గడం అనే పైపై ఆకారాన్ని పంపుతాయి తప్ప అలలోని సన్నని కదలికను పూర్తిగా పంపలేవు, అందుకే సమయం ఆధారం ఆ చెవిలో చాలావరకు పోతుంది. ఇక హియరింగ్ ఎయిడ్ చెవిలో మనలో చాలామందికి మిగిలింది బొంగురు శబ్దాలే, కీచు శబ్దాలు పోయాయి. గట్టితనం ఆధారం ఉండేదేమో కీచు శబ్దాల్లో! అంటే ఒక్కో ఆధారాన్ని ఒక్కో చెవి పోగొట్టుకుంది. తక్కెడలో ఒక పళ్లెంలో కిలో రాళ్లు, ఇంకో పళ్లెంలో పాతకాలం శేరు రాళ్లు వేసి తూస్తే ముల్లు ఏం చెబుతుంది? మెదడు పరిస్థితి అదే.

మన చెవులు పాడవడం ఒక్కటే కారణమైతే ఇంత పెద్ద వ్యాసం అక్కర్లేదు. చెవుల్లో మిగిలిన ఆ కాస్త ఆధారాన్ని కూడా, రెండు మిషన్లను వేరువేరుగా సెట్ చెయ్యడం వల్ల పోగొట్టుకుంటున్నాం. ఆ భాగాన్ని మాత్రం బాగు చేసుకోవచ్చు.

ఎంత వరకు ఆశించాలో కూడా ఇక్కడే చెప్పేస్తాను. బైమోడల్ వాడేవాళ్లలో తేడాలు చాలా ఎక్కువ. కొందరు 20, 30 డిగ్రీల తేడాతో దిక్కు చెప్పగలుగుతారు, కొందరు కళ్లు మూసుకుని చెబితే గుడ్డిగా ఊహించినట్టే ఉంటుంది. కుడి, మధ్య, ఎడమ అని నమ్మకంగా చెప్పగలిగే స్థాయిని లక్ష్యంగా పెట్టుకోండి. నాకు రెండేళ్లకు దక్కింది అదే, దాంతో నా క్లాసు మారిపోయింది.

మొదటి మెట్టు: హియరింగ్ ఎయిడ్ చెవి ఆడియోగ్రామ్ తీసి చూడండి

ఇంప్లాంట్ వచ్చాక ఆ రెండో చెవిని అందరూ మర్చిపోతారు. నా ఎడమ చెవికి చివరి పరీక్ష చేసి మూడేళ్లు దాటింది, ఎవరూ మళ్లీ చెయ్యలేదు, నేనూ అడగలేదు. కొత్త ఆడియోగ్రామ్ (ఏ స్వరం ఎంత గట్టిగా ఉంటే వినపడుతుందో చూపే పటం) తీయించుకుని 250, 500, 1000, 2000 హెర్ట్జ్ దగ్గర అంకెలు చూడండి. 2000 దగ్గర, ఆ పైన కూడా మిషన్ సాయంతో వినపడేంత వినికిడి మిగిలి ఉంటే గట్టితనం ఆధారం మీకు కొంత దొరుకుతుంది, మీరు అదృష్టవంతులు. 500 దాటాక ఏమీ లేకపోతే పని కష్టం, కానీ దాన్ని వదిలెయ్యకూడదు. మాటలోని స్వరం, పాటలోని శ్రుతి, రొదలో మాట విడిపోయి వినపడడం, ఇవన్నీ ఆ కాస్త బొంగురు వినికిడి నుంచే వస్తాయి.

ఒక జాగ్రత్త. కాక్లియాలో, అంటే చెవి లోపల నత్తగుల్లలా ఉండే వినికిడి అవయవంలో, పూర్తిగా చచ్చిపోయిన భాగం ఉంటే అక్కడికి ఎంత గట్టిగా శబ్దం పంపినా గరగర తప్ప ఏమీ రాదు. "కీచు శబ్దాలు వినపడట్లేదు, పెంచండి" అని పట్టుబట్టేముందు, అలాంటి భాగం ఉందేమో పరీక్షించమని అడగండి.

రెండో మెట్టు: లేచింది మొదలు పడుకునేదాకా రెండూ పెట్టుకోండి

స్విచ్ ఆన్ అయిన కొత్తలో ఇంప్లాంట్‌కి అలవాటు పడడానికి రోజూ కొంతసేపు ఒక్క ఇంప్లాంట్‌తోనే వినమని చెబుతారు. అది మంచిదే, దానికి వేరే సమయం పెట్టుకోండి. కానీ "ఇంప్లాంట్‌తో బాగానే వినపడుతోంది కదా, ఇంకోటి ఎందుకు" అని హియరింగ్ ఎయిడ్‌ను డబ్బాలో పెట్టేస్తే పోల్చుకోవడానికి మెదడుకు రెండో పక్క ఉండదు. మొదటి నెలల్లో రెండూ కలిపి వింటే చిరాకుగా ఉంటుంది, ఒకదాంట్లో రోబో గొంతు, ఇంకోదాంట్లో గోనెసంచిలో నుంచి వస్తున్నట్టు మాట. నాకు ఆ రెండు గొంతులు ఒకే మనిషివి అనిపించడానికి నాలుగు నెలలు పట్టింది. అదొక ముఖ్యమైన గుర్తు: రెండూ కలిసి ఒకే శబ్దంగా అనిపించేదాకా దిక్కు కోసం ప్రయత్నించడం తొందరపాటు.

రోజుకు ఎన్ని గంటలు వాడుతున్నారో రెండు మిషన్లూ లోపల రాసుకుంటాయి. మ్యాపింగ్‌కి, అంటే ఇంప్లాంట్ స్థాయిలు మీకు సరిపోయేలా సెట్ చేయించుకోవడానికి వెళ్లినప్పుడు రెండు అంకెలూ అడగండి. నావి మొదటిసారి చూసినప్పుడు ఇంప్లాంట్ 13 గంటలు, హియరింగ్ ఎయిడ్ 6 గంటలు. స్కూల్ నుంచి రాగానే ఎడమది తీసేసేదాన్నని అప్పుడే నాకు తెలిసింది.

మూడో మెట్టు: పొద్దున్నే ఐదు నిమిషాల తనిఖీ

ఇయర్ మోల్డ్ (హియరింగ్ ఎయిడ్‌కి ఉండే, చెవిలో పెట్టుకునే అచ్చు) ట్యూబులో చెమ్మ, మైక్ మీద దుమ్ము, చెవిలో గుమిలి, అయిపోవచ్చిన బ్యాటరీ. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ పక్క శబ్దం తగ్గిపోతుంది, మెదడు దాన్ని "శబ్దం అవతలి పక్క నుంచి వచ్చింది" అని చదువుకుంటుంది. ఒక్క చెవితో పని చేసేవాళ్లకు ఇది చిన్న లోపం, మనకు మాత్రం దిక్కే మారిపోతుంది. మన కోస్తా ఉక్కలో చెమ్మ మరీ ఎక్కువ. రాత్రిపూట రెండింటినీ సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టండి.

ఆ తర్వాత, బొంగురు నుంచి కీచు దాకా మాటలోని శబ్దాలు అందుతున్నాయో లేదో చూడడానికి వాడే లింగ్ శబ్దాలు ఆరు: ఆ, ఈ, ఊ, మ్, శ్, స్. ఇంట్లో ఎవరైనా నోరు కనపడకుండా మీ వెనక నిలబడి వీటిని ఒక్కోటి పలకాలి, మీరు తిరిగి చెప్పాలి. ముందు ఇంప్లాంట్ ఒక్కటే పెట్టుకుని, తర్వాత హియరింగ్ ఎయిడ్ ఒక్కటే పెట్టుకుని. హియరింగ్ ఎయిడ్ చెవికి శ్, స్ వినపడకపోవచ్చు, పర్వాలేదు, నిన్న వినపడింది ఇవాళ వినపడకపోతేనే ఆలోచించాలి.

నాలుగో మెట్టు: రెండు మిషన్లనూ ఒకే కుర్చీలో, ఒకే రోజు సెట్ చేయించండి

మొత్తంలో ముఖ్యమైన మెట్టు ఇది, అందుకే ఎక్కువ రాస్తున్నాను.

నా ఇంప్లాంట్ మ్యాపింగ్ ఆస్పత్రిలో జరిగేది. హియరింగ్ ఎయిడ్ అమ్మిన షాపు వేరు. ఆస్పత్రి వాళ్లు "ఎడమది మా పరిధి కాదమ్మా" అనేవారు, షాపు వాళ్లు "ఇంప్లాంట్ గురించి మాకు తెలియదండీ" అనేవారు. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు, కానీ రెండింటినీ కలిపి వినే నా తల సంగతి ఎవరి పరిధిలోనూ లేకుండా పోయింది. చివరికి ఇంకో ఊళ్లో ఒక ఆడియాలజిస్ట్ రెండు సాఫ్ట్‌వేర్లూ తన దగ్గరే ఉన్నాయని చెప్పి ఒక పూటంతా కేటాయించారు. అలాంటి వాళ్లు దొరకకపోతే, ఇద్దరు ఆడియాలజిస్టులను కనీసం ఫోన్‌లో కలపండి, ఒకరి సెట్టింగుల ప్రింటు ఇంకొకరికి తీసుకెళ్లి ఇవ్వండి. ఇంప్లాంట్ మ్యాప్ తరచూ మారుతున్న తొలి నెలల్లో ఈ పని పెట్టుకోకండి, మ్యాప్ నిలకడకు వచ్చాక వెళ్లండి.

అడగాల్సినవి ఇవి.

గట్టితనం సమం చెయ్యడం. మీకు సరిగ్గా ఎదురుగా స్పీకర్ పెట్టి, మామూలు మాట స్థాయిలో శబ్దం వినిపిస్తారు. అది మీకు నడినెత్తిన, ముక్కుకు సూటిగా అనిపించాలి. ఇంప్లాంట్ వైపు లాగుతుంటే అది కాస్త తగ్గించడమో హియరింగ్ ఎయిడ్ పెంచడమో చేస్తారు. చాలాచోట్ల ఈ మామూలు స్థాయి దగ్గరే ఆపేస్తారు. మీరు ఆపనివ్వకండి. మెల్లని శబ్దంతోనూ, గట్టి శబ్దంతోనూ మళ్లీ చేయించండి. నాకు మామూలు మాట మధ్యలోకి వచ్చింది, గట్టి శబ్దం మాత్రం కుడికి పరుగెత్తింది. దానికి కారణం తర్వాతి విషయం.

శబ్దాన్ని అదుపు చేసే వేగం. ఒక్కసారిగా గట్టి శబ్దం వస్తే మిషన్ తనంతట తానే దాన్ని తగ్గిస్తుంది, దీన్నే కంప్రెషన్ అంటారు. ఇది రెండు మిషన్లలోనూ ఉంటుంది, కానీ ఏ స్థాయి దగ్గర మొదలవ్వాలి, ఎంత తగ్గించాలి, ఎంత త్వరగా మళ్లీ వదలాలి అన్నవి రెండింట్లో వేరువేరు. ఎడమవైపు బస్సు హారన్ కొట్టిందనుకోండి, ఎడమ మిషన్ గబుక్కున నొక్కేస్తుంది, కుడి మిషన్‌కు తక్కువ శబ్దం అందింది కాబట్టి అది నొక్కదు, ఫలితంగా తల నీడ ఇచ్చిన తేడా కాస్తా చెరిగిపోతుంది. ఆ తేడాయే కదా మనకు ఆధారం! నెదర్లాండ్స్‌లో నైమేఖెన్ పరిశోధకులు రెండు మిషన్ల అదుపునూ ఒకేలా పెడితే ఏమవుతుందో చూసే పని చేశారు. అడ్వాన్స్‌డ్ బయోనిక్స్ ఇంప్లాంట్ వాడేవాళ్లకు దానికి జతగా ఫోనాక్ తయారుచేసే హియరింగ్ ఎయిడ్‌లో ఈ అదుపు ఇంప్లాంట్‌కి సరిపోయేలా వస్తుంది. కాక్లియర్ అనే ఇంప్లాంట్ కంపెనీకి రీసౌండ్ హియరింగ్ ఎయిడ్‌లతో జత ఉంది. మీది ఏ కంపెనీ అయినా సరే, "రెండింటి కంప్రెషన్ ఎంత దగ్గరగా తేగలరు?" అని నేరుగా అడగండి. కొత్త హియరింగ్ ఎయిడ్ కొనేముందయితే ఇది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న, ధర కంటే ముందు.

ఆలస్యం. డిజిటల్ హియరింగ్ ఎయిడ్ శబ్దాన్ని తీసుకుని, లెక్క కట్టి, చెవిలోకి వదలడానికి మామూలుగా 5 నుంచి 8 మిల్లీసెకన్లు పడుతుంది. ఇంప్లాంట్ ప్రాసెసర్ (చెవి బయట పెట్టుకునే భాగం) ఆలస్యం కంపెనీని బట్టి వేరు, కొన్నింట్లో అది చాలా తక్కువ. తల మొత్తం ఇవ్వగలిగే తేడా 0.7 మిల్లీసెకను అని పైన చెప్పాను. మిషన్ల మధ్య తేడా దానికి ఏడెనిమిది రెట్లు ఉండొచ్చన్నమాట. ముందు అందిన దిక్కునే నమ్మడం మెదడుకు అలవాటు, అందుకే శబ్దమంతా ముందు మోగే ఇంప్లాంట్ వైపు నుంచే వచ్చినట్టుంటుంది. జర్మనీలోని ఫ్రైబుర్గ్ పరిశోధకులు 2019లో మెడ్-ఎల్ కంపెనీ ఇంప్లాంట్, హియరింగ్ ఎయిడ్ కలిపి వాడేవాళ్లకు ఇంప్లాంట్‌ని ఆ కొద్ది మిల్లీసెకన్లు ఆలస్యం చేసి చూపించారు, దిక్కు చెప్పడంలో తప్పులు తగ్గాయి. మీ ప్రాసెసర్ సాఫ్ట్‌వేర్‌లో ఇలా ఆలస్యం సరిచేసే వీలుందా అని అడగండి. ఉంటే ఐదు నిమిషాల పని. ఈ విషయం చదివిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు, ఇన్నాళ్లూ నా మెదడు మొద్దుబారిందనుకున్నాను, అది చేస్తున్నది సరైన లెక్కే, దానికి అందుతున్న అంకెలే తప్పు.

మైకులు, ఆటోమేటిక్ మోడ్‌లు. రొద ఎక్కువైతే మిషన్ తనంతట తాను ఎదుటి శబ్దం మాత్రమే తీసుకునే పద్ధతికి మారిపోతుంది. ఒకటి మారి ఇంకోటి మారకపోతే మళ్లీ తక్కెడ తలకిందులు. దిక్కు కోసం ఒక ప్రోగ్రామ్ వేరేగా పెట్టించుకోండి: రెండు మైకులూ అన్ని వైపుల నుంచీ వినేలా, రొద తగ్గింపు ఆపేసి లేదా రెండింట్లోనూ ఒకేలా, వాల్యూమ్ బటన్ లాక్ చేసి. కీచు శబ్దాలను బొంగురు వైపుకు దించి వినిపించే సౌకర్యం హియరింగ్ ఎయిడ్‌లో ఆన్‌లో ఉంటే ఈ ప్రోగ్రామ్‌లో దాన్ని ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి చూడండి. పెళ్లిలోనో హోటల్లోనో మాట అర్థం కావడానికి మీ మామూలు ప్రోగ్రామ్ ఎలాగూ ఉంటుంది.

ఐదో మెట్టు: ఇంట్లో పరీక్ష పెట్టుకోండి, నోట్‌బుక్కులో రాయండి

మెరుగైందో లేదో మనసుకు అనిపించేదాన్ని నమ్మకండి, అంకెలు రాసుకోండి. లెక్కల టీచర్ని కాబట్టి ఈ భాగం నాకు ఇష్టం.

ఇంట్లో ప్రతిధ్వని తక్కువుండే గది ఎంచుకోండి. మన ఇళ్లు టైల్స్, సిమెంటు గోడలు, ఖాళీ హాలు, శబ్దం అన్ని గోడలకూ కొట్టుకుని వస్తుంది. పరుపు, దిండ్లు, బట్టల బీరువా, తెరలు ఉన్న పడకగది మంచిది. ఫ్యాన్ ఆపండి. మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చోండి. గడియారం ముఖంలో మీరు మధ్యలో ఉన్నారనుకుని, 12 మీ ముక్కు ఎదురు. ఒక మీటరు దూరంలో 9, 10న్నర, 12, 1న్నర, 3 దగ్గర నేల మీద చాక్‌పీసుతో గుర్తులు పెట్టండి. ఒక్కో గుర్తు పేరు నాలుగేసి చీటీల మీద రాసి 20 చీటీలు గిన్నెలో కలపండి. సాయం చేసే మనిషి చెప్పులు లేకుండా నడిచి, చీటీలో వచ్చిన చోట నిలబడి, మీ చెవి ఎత్తులో తాళాలగుత్తి రెండు సెకన్లు ఊపాలి. మీరు కళ్లు మూసుకుని, తల కదపకుండా, ఎటో వేలితో చూపించాలి. పరీక్షప్పుడు తప్పో ఒప్పో చెప్పకూడదు.

తాళాలే ఎందుకంటే వాటి శబ్దంలో రకరకాల స్వరాలు కలిసి ఉంటాయి, కాగితం నలిపినా అంతే. ఫోన్ బీప్ లాంటి ఒంటి స్వరంతో దిక్కు చెప్పడం మంచి చెవులకే కష్టం. ఇంకో సంగతి, ఒకసారి గట్టిగా ఒకసారి మెల్లగా ఊపమనండి. లేకపోతే "ఇంప్లాంట్‌లో గట్టిగా వినపడితే కుడి" అని ఒక్క చెవితోనే లెక్క కట్టేస్తారు, రెండు చెవుల పోలిక అందులో ఉండదు.

ఐదు చోట్లలో గుడ్డిగా చెప్పినా 20కి సగటున 4 ఒప్పవుతాయి. 8 అంతకంటే ఎక్కువ వస్తే చెవులు నిజంగా ఏదో పట్టుకుంటున్నట్టు. ఐదు చోట్లు కష్టమైతే 9, 3 రెండే పెట్టుకోండి, అప్పుడు గుడ్డి లెక్క 10, కాబట్టి 15 దాటితేనే నమ్మాలి. ఎన్ని ఒప్పో కాక, తప్పులు ఎటు పోతున్నాయో కూడా రాయండి. నా మొదటి పేజీలో 20కి 5 ఒప్పులు, మిగిలిన 15 తప్పుల్లో 13 కుడికే పోయాయి. ఆ పేజీ చూసే ఆడియాలజిస్ట్ మిషన్ల గట్టితనం మళ్లీ చూశారు. "అంతా కుడి నుంచే వస్తోందండీ" అని నేను నోటితో చెప్పినన్నాళ్లూ అది ఫిర్యాదులాగే మిగిలిపోయింది.

ఆరో మెట్టు: రోజూ పావుగంట అభ్యాసం

పరీక్ష వేరు, అభ్యాసం వేరు. అభ్యాసంలో ప్రతిసారీ జవాబు వెంటనే తెలియాలి. నాకు మా అమ్మాయి సాయం చేసేది, రోజూ రాత్రి భోజనాలయ్యాక పావుగంట, వారానికి ఐదు రోజులు.

మొదటి రెండు వారాలు కుడి, ఎడమ మాత్రమే. వినండి, చూపించండి, కళ్లు తెరవండి. తప్పయితే కళ్లు తెరిచి ఆ మనిషిని చూస్తూ అదే శబ్దాన్ని మళ్లీ రెండుసార్లు వినండి, తర్వాత కళ్లు మూసుకుని ఇంకోసారి. కన్ను చెవికి నేర్పించేది ఇక్కడే, దీన్ని తొందరపడి దాటకండి. "ఎడమ నుంచి వస్తే ఎలా ఉంటుంది?" అని మాటల్లో పట్టుకోవడానికి ప్రయత్నించండి. నాకు ఎడమ నుంచి వచ్చే తాళాలు "బరువుగా, దగ్గరగా" అనిపించేవి, కుడి నుంచి వచ్చేవి "పలచగా, గలగల". మామూలుగా వినేవాళ్లకు దిక్కు ఇలా తెలియదు, మనకు ఇలా తెలిసినా తప్పేం లేదు.

20కి 16 దాటాక మధ్య స్థానం కలపండి. తర్వాత ఐదు. తర్వాత తాళాల బదులు మాట: అమ్మాయి గొంతు, మా ఆయన గొంతు, స్టీలు గరిటె పళ్లేనికి తగలడం. మగ గొంతు, ఆడ గొంతు విడిగా రాసుకుంటే మీ రెండు చెవుల్లో ఏది ఎక్కువ పని చేస్తోందో కూడా తెలుస్తుంది. చివరగా ఫ్యాన్ వేసి, టీవీ చిన్నగా పెట్టి. అలసిపోయిన రోజు మానెయ్యండి, అలసిన మెదడుతో చేస్తే అంకెలు పడిపోయి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

తల తిప్పడం వేరే అభ్యాసం, నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే. ముందా వెనకా అన్నది మామూలు చెవులకు చెవి డొప్ప ముడతలు చెబుతాయి. మన మైకులు చెవి వెనకో పైనో ఉంటాయి కాబట్టి ఆ సాయం లేదు. కానీ తల కొంచెం కుడికి తిప్పినప్పుడు ఎదుటి శబ్దం ఎడమ చెవికి దగ్గరవుతుంది, వెనక శబ్దం కుడి చెవికి దగ్గరవుతుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకోండి. ఇప్పుడు శబ్దం రెండు సెకన్లు కాకుండా ఐదారు సెకన్లు మోగాలి. ముఖాన్ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ ఎటు తిరిగితే గట్టిగా అవుతోందో, ఎక్కడ రెండు చెవుల్లో సమంగా అవుతోందో వెతకండి. గబగబా తిప్పితే మిషన్ల అదుపు వెంటరాదు, మెల్లగానే తిప్పాలి. క్లాసులో నేను ఇప్పుడు చేసేది ఇదే: ఎవరైనా పిలిస్తే "ఆఁ, చెప్పమ్మా" అంటాను, వాళ్లు మాట్లాడుతుండగా తల కొంచెం తిప్పుతాను, ఆ రెండు సెకన్లలో వరస దొరికిపోతుంది.

ఏడో మెట్టు: చుట్టూ ఉన్నవాళ్లకు, ఉన్న చోటుకు చెప్పుకోవడం

"ఎక్కడున్నావు?" అంటే "ఇక్కడ" అంటారు. ఇంట్లో ఆ మాట మాన్పించండి. "వంటింట్లో", "మేడ మీద", "నీ వెనక" అని చెప్పాలి. క్లాసులో పిల్లలకు మొదటి రోజే చెబుతాను, పేరు చెప్పి చెయ్యెత్తండి అని. పిల్లలు దీన్ని పెద్దవాళ్ల కంటే సులువుగా అర్థం చేసుకుంటారు.

నలుగురిలో కూర్చునేటప్పుడు వెనక గోడ ఉండే మూల చూసుకోండి, అప్పుడు ముందా వెనకా అన్న ప్రశ్నే రాదు. రిమోట్ మైక్ (మాట్లాడేవాళ్ల దగ్గర పెట్టే చిన్న మైకు) వాడితే మాట రెండు చెవులకూ నేరుగా వచ్చేస్తుంది, స్పష్టంగా ఉంటుంది, కానీ దిక్కు పూర్తిగా పోతుంది. మీటింగులో వాడండి, రోడ్డు మీద తీసెయ్యండి.

రోడ్డు గురించి గట్టిగా చెబుతున్నాను. అభ్యాసంలో 20కి 18 వచ్చినా సరే రోడ్డు దాటేటప్పుడు చెవిని నమ్మకండి. హారన్ వినపడిందంటే "బండి వస్తోంది" అని మాత్రమే అర్థం, ఎటు నుంచో కళ్లే చెప్పాలి. ఆగండి, రెండు వైపులా చూడండి, రాంగ్ రూట్లో వచ్చేవాళ్ల కోసం ఇంకోసారి చూడండి. ఎలక్ట్రిక్ బండ్లు వచ్చాక అసలు చప్పుడే ఉండదు. స్కూటీ నడిపేవాళ్లకు హెల్మెట్ మైకుల మీదికి వస్తుంది, గాలి హోరు కలుస్తుంది, కాబట్టి అద్దాలు రెండూ ఉండాలి, వాటిని చూసే అలవాటు ఉండాలి.

పిల్లల తల్లిదండ్రులకు

చిన్నపిల్లలకు నోట్‌బుక్కు, చీటీలు వద్దు. దాగుడుమూతలు చాలు: గదిలో మోగే బొమ్మ దాచి వెతకమనండి, పేరు పెట్టి ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి పిలిచి తిరిగితే చప్పట్లు కొట్టండి. ఇంప్లాంట్ ఆపరేషన్ అయ్యాక "ఇక ఆ మిషన్ అక్కర్లేదు" అని రెండో చెవి హియరింగ్ ఎయిడ్ తీసెయ్యకండి. ఆ చెవికి శబ్దం అందకపోతే దాని దారులు మెదడులో బలహీనపడతాయి, రేపు ఆ చెవికీ ఇంప్లాంట్ పెట్టించాలనుకున్నప్పుడు అది అడ్డవుతుంది. పాపను ఇంప్లాంట్ లేని వైపు నుంచి పిలిస్తే ఎప్పుడూ తిరగట్లేదు, ఎన్ని నెలలైనా మార్పు లేదు అనిపిస్తే ఆ మాట ఆడియాలజిస్ట్‌కు తప్పక చెప్పండి.

ఎప్పుడు వేరే దారి చూడాలి

మిషన్లు కలిపి సెట్ చేయించాక మూడు నుంచి ఆరు నెలలు అభ్యాసం చేసినా 9, 3 పరీక్షలో అంకె 10, 11 దగ్గరే ఉందనుకోండి. హియరింగ్ ఎయిడ్ చెవి ఒక్కటే పెట్టుకుని ఒక్క మాట కూడా అర్థం కావట్లేదనుకోండి. అప్పుడు రెండో చెవికి కూడా ఇంప్లాంట్ గురించి అడగాల్సిన సమయం వచ్చినట్టే. రెండు వైపులా ఇంప్లాంట్ ఉన్నవాళ్లకు గట్టితనం ఆధారం బాగా దొరుకుతుంది, అందుకే దిక్కు విషయంలో మొత్తం మీద వాళ్లే ముందుంటారు. కానీ ఆపరేషన్‌లో ఆ చెవిలో మిగిలిన బొంగురు వినికిడి పోవచ్చు, పాటలు ఇష్టమైనవాళ్లకు అది చిన్న నష్టం కాదు. నేను ఇంకా ఎడమ చెవిని అలాగే ఉంచుకున్నాను, సాయంత్రాలు రేడియోలో పాట వినపడేది ఆ చెవితోనే.

ఇంకొకటి, ఇది వాయిదా వెయ్యకూడనిది. హియరింగ్ ఎయిడ్ చెవిలో వినికిడి ఉన్నట్టుండి ఒక్క రోజులో పడిపోయినా, దాంతోపాటు తల తిరిగినా, మిషన్ రిపేరుకు ఇచ్చి వారం ఆగకండి. అదే రోజో మర్నాడో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎంత తొందరగా మందు మొదలైతే వినికిడి తిరిగొచ్చే అవకాశం అంత ఎక్కువ.

రెండు మిషన్లూ కలిపి చూసేవాళ్లు మీ ఊళ్లో దొరకకపోతే, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. వెళ్లేటప్పుడు కొత్త ఆడియోగ్రామ్, రెండు మిషన్ల మోడల్ పేర్లు, చివరి మ్యాప్ ప్రింటు, మీ నోట్‌బుక్కులో తప్పులు ఎటు పోతున్నాయో చూపించే ఆ పేజీ, ఈ నాలుగూ పట్టుకెళ్లండి. మ్యాప్ మారిన ప్రతిసారీ వారం ఆగి ఐదు చోట్ల పరీక్ష మళ్లీ పెట్టుకుని కొత్త పేజీలో రాయండి. నా చివరి పేజీలో 20కి 12, తప్పుల్లో కుడికి పోయినవి ఐదు, ఎడమకు పోయినవి మూడు.